ఆఫీసు వైఫై కాదంటోంది సరే, ఆ కాదన్నది ఎవరు?

మీ సమస్యని నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. రెండు నెలలు ఇంటి నుంచి పనిచేసి సోమవారం ఆఫీసుకు వెళ్లారు. కంపెనీ ఇచ్చిన విండోస్ 11 ల్యాప్‌టాప్ ఆఫీసు వైఫైకి ఎక్కలేదు. ‘కాంట్ కనెక్ట్ టు దిస్ నెట్‌వర్క్’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. ఇంటి వైఫై, ఫోన్ హాట్‌స్పాట్ బాగానే పనిచేస్తున్నాయి. మీ ఫోన్ కూడా అదే ఆఫీసు వైఫైకి మీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తోనే ఎక్కుతోంది. హెల్ప్‌డెస్క్ వాళ్లు వైఫై కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్‌ని, అంటే డ్రైవర్‌ని, తీసేసి మళ్లీ వేశారు, లాభం లేదు. ఇప్పుడు ఫార్మాట్ చేద్దాం, ల్యాప్‌టాప్ ఇచ్చి వెళ్లండి అంటున్నారు. ఇంట్లో ఉండగా వెబ్ పోర్టల్‌లో పాస్‌వర్డ్ మార్చానని చివర్లో, అదేమంత విషయం కాదన్నట్టు ఒక మాట అన్నారు. నాకు మీ ప్రశ్న మొత్తంలో అదే అసలు విషయంగా కనిపించింది.

ముందైతే ఫార్మాట్‌కి ఇవ్వకండి. ఇంటి వైఫై ఎక్కుతోందంటే మీ వైఫై కార్డు, దాని డ్రైవర్ రెండూ బాగున్నట్టే. పన్నెండేళ్లుగా ఆఫీసు నెట్‌వర్కుల మీదే బతుకుతున్నాను. ఇలాంటి టికెట్లలో (హెల్ప్‌డెస్క్‌కి పెట్టే ఫిర్యాదుల్లో) డ్రైవర్ తప్పు అని తేలినవి చాలా తక్కువ. అయినా ప్రతిసారీ ముందు డ్రైవర్ మీదే పడతారు. ఎందుకంటే అది హెల్ప్‌డెస్క్ వాళ్ల చేతిలో ఉన్న పని, మిగతావి వాళ్ల చేతిలో లేవు.

ఇంటి వైఫైకి పాస్‌వర్డ్ ఒక్కటే, ఇంటిల్లిపాదికీ అదే. దాన్ని సరిచూసేది కూడా గోడకి తగిలించిన రూటరే. ఆఫీసులో వాడే పద్ధతి పేరు 802.1ఎక్స్. సీలింగ్‌కి బిగించిన యాక్సెస్ పాయింట్‌కి, అంటే వైఫైని అందించే పెట్టెకి, మీరెవరో తెలియదు, తేల్చే అధికారం కూడా దానికి లేదు. అది అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది. ఎవరైనా రాగానే ఇంటర్‌కామ్‌లో పైకి ఫోన్ చేస్తాడు. పంపమంటే గేటు తీస్తాడు, వద్దంటే తీయడు. ఆ పైన కూర్చుని, ఎవరిని లోపలికి పంపాలో తేల్చేది రేడియస్ సర్వర్. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎన్‌పీఎస్ కావచ్చు, సిస్కో ఐస్ కావచ్చు, అరూబా క్లియర్‌పాస్ కావచ్చు. అది మళ్లీ మీ కంపెనీ యాక్టివ్ డైరెక్టరీని, అంటే ఉద్యోగుల అకౌంట్ల చిట్టాని, అడిగి, మీ పాస్‌వర్డో సర్టిఫికెట్టో (కంప్యూటర్‌లో ఉండే డిజిటల్ ఐడీ కార్డు) సరిచూసి, అవునో కాదో చెబుతుంది.

కాబట్టి లోపలికి వెళ్లలేకపోవడానికి మూడు దారులున్నాయి. పైవాళ్లు వద్దని ఉండొచ్చు. ఇంటర్‌కామ్ ఎవరూ ఎత్తకపోయి ఉండొచ్చు. లేదా మీ ల్యాప్‌టాపే సర్వర్ సర్టిఫికెట్ చూసి ‘ఇది మన ఇల్లు కాదు’ అని గేటు దగ్గర నుంచే వెనక్కి తిరిగి ఉండొచ్చు. ఈ మూడింటికీ విండోస్ చూపించే వాక్యం మాత్రం ఒక్కటే. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఏది జరిగిందో ల్యాప్‌టాప్‌లోనే రాసి ఉంటుంది. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. ఎడమవైపు అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, దాని కింద మైక్రోసాఫ్ట్, అందులో విండోస్, అందులో వ్లాన్ ఆటోకాన్ఫిగ్, చివరగా ఆపరేషనల్. ఇంత లోపల ఎందుకు దాచారో మాత్రం నన్ను అడగకండి. అది తెరిచి ఉంచి ఒకసారి ఆఫీసు వైఫైకి కనెక్ట్ కొట్టి, పైన రిఫ్రెష్ చేయండి. 12011 అంటే 802.1ఎక్స్ గుర్తింపు మొదలైందని, 12012 అంటే నెగ్గిందని, 12013 అంటే ఓడిపోయిందని అర్థం. 12013 మీద క్లిక్ చేస్తే కింద రీజన్ అని ఒక లైను ఉంటుంది, ఫోన్‌తో దాన్ని ఫొటో తీసుకోండి.

అక్కడ ‘ఎక్స్‌ప్లిసిట్ ఈఏపీ ఫెయిల్యూర్ రిసీవ్డ్’ అని ఉంటే (ఈఏపీ అంటే ఈ గుర్తింపు మాటలు నడిచే భాష) సర్వర్ స్పష్టంగా వద్దందని. నెట్‌వర్క్ జవాబివ్వడం మానేసిందన్న అర్థం వచ్చే వాక్యం ఉంటే ఇంటర్‌కామ్ మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. సర్టిఫికెట్, ట్రస్ట్, రూట్ లాంటి మాటలు కనిపిస్తే సర్టిఫికెట్ల దగ్గరే తగువు. మీ ల్యాప్‌టాప్, సర్వర్ ఇద్దరిలో ఒకరు రెండోవాళ్లని నమ్మలేదు.

ల్యాప్‌టాప్‌లో అడ్మిన్ హక్కులు ఉంటే ఇంకో సులువైన దారి ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి నెట్‌ఎస్‌హెచ్, వ్లాన్, షో, వ్లాన్‌రిపోర్ట్ అనే నాలుగు మాటలు ఇంగ్లీషులో, మధ్యలో ఒక్కో ఖాళీ వదిలి కొట్టండి. గత మూడు రోజుల వైఫై చరిత్రంతా ఒక వెబ్ పేజీగా తయారవుతుంది. ఎప్పుడు ఎక్కింది, ఎప్పుడు పడిపోయింది అనేది గ్రాఫ్‌లో చూపిస్తుంది.

ఇప్పుడు ఫోన్ సంగతి. ఫోన్ ఎక్కుతోంది కాబట్టి వైఫై బాగుంది, ల్యాప్‌టాపే పాడు అని మీ హెల్ప్‌డెస్క్ వాళ్లు అనుకున్నట్టున్నారు. సగం నిజం. ఫోన్ అదే వైఫై పేరుకి, మీ ఐడీతోనే ఎక్కిందంటే ఆ యాక్సెస్ పాయింట్, రేడియస్ సర్వర్, మీ అకౌంట్, మీ కొత్త పాస్‌వర్డ్ అన్నీ సరిగ్గా ఉన్నట్టే. అంతవరకు మంచి సాక్ష్యం. కానీ ఫోన్ పంపేది మీరు చేత్తో కొట్టిన పాస్‌వర్డ్. కంపెనీ ల్యాప్‌టాప్ అలా అడగదు. గ్రూప్ పాలసీతో (కంపెనీ కంప్యూటర్లన్నిటికీ ఒకేచోట నుంచి సెట్టింగులు పెట్టే పద్ధతి) ఐటీ వాళ్లు పెట్టిన సెట్టింగ్ ప్రకారం, మీరు విండోస్‌లో లాగిన్ అయిన పాస్‌వర్డ్‌నే మీకు చెప్పకుండా పంపుతుంది. కొన్ని కంపెనీల్లో పాస్‌వర్డ్ అసలు పంపదు, ల్యాప్‌టాప్ పేరు మీద ఉండే మెషిన్ సర్టిఫికెట్ పంపుతుంది. అంటే ఒకే గేటు దగ్గర ఇద్దరూ వేరు వేరు ఐడీ కార్డులు చూపిస్తున్నారన్నమాట.

అందుకే మిమ్మల్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: పొద్దున్న ల్యాప్‌టాప్ తెరిచేటప్పుడు కొడుతున్నది పాత పాస్‌వర్డా, కొత్తదా?

పాతదే అయితే దొంగ దొరికినట్టే. ఇంట్లో కూర్చుని బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ మార్చినప్పుడు అది కంపెనీ డైరెక్టరీలో మారింది. మీ ల్యాప్‌టాప్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. డొమైన్ కంట్రోలర్ (ఆ డైరెక్టరీని నడిపే సర్వర్) అందనప్పుడు కూడా మనం లాగిన్ కాగలగాలని విండోస్ చివరిసారి పనిచేసిన పాస్‌వర్డ్ గుర్తును లోపల దాచుకుంటుంది. దాంతోనే మీకు ఇంట్లో తలుపు తీస్తోంది. ఆఫీసుకు రాగానే అదే పాతదాన్ని వైఫైకి పంపుతోంది, సర్వర్ వద్దంటోంది. కొత్తది నేర్చుకోవాలంటే నెట్‌వర్క్ కావాలి, నెట్‌వర్క్ ఎక్కాలంటే కొత్తది తెలియాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టు తయారైంది.

విప్పడం సులువే. డెస్క్ దగ్గర ల్యాన్ కేబుల్ పనిచేస్తే అది పెట్టండి. కొన్ని ఆఫీసుల్లో కేబుల్ పోర్టుకి కూడా ఇదే కాపలా ఉంటుంది. అక్కడ ఫోన్ హాట్‌స్పాట్ మీద వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా కంపెనీ నెట్‌వర్క్‌లోకి దారి) కనెక్ట్ అవండి, వీపీఎన్ అడిగినప్పుడు కొత్త పాస్‌వర్డ్ ఇవ్వండి. కేబులో వీపీఎన్నో నిలబడ్డాక విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కి స్క్రీన్ లాక్ చేసి, కొత్త పాస్‌వర్డ్‌తో తెరవండి. పిన్‌తోనో వేలిముద్రతోనో తెరిచే అలవాటుంటే ఈ ఒక్కసారికి సైన్ ఇన్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్‌నే ఎంచుకోండి. తెరుచుకుంటే ల్యాప్‌టాప్ కొత్తది నేర్చుకున్నట్టు. వీపీఎన్ తీసేసి ఆఫీసు వైఫై కొట్టి చూడండి. మీ కేసు ఇక్కడితోనే తేలిపోతుందని నా అంచనా.

తేలకపోతే రెండో అనుమానం సర్టిఫికెట్. ఇంకో చిన్న పరీక్ష ఉంది. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసి, ఏమీ కొట్టకుండా లాగిన్ స్క్రీన్ దగ్గర ఓ నిమిషం ఆగి కింద వైఫై గుర్తు చూడండి. అక్కడ ఆఫీసు వైఫై ఎక్కి ఉండి, మీరు లాగిన్ అయ్యాక పడిపోతే మెషిన్ గుర్తింపు బాగుంది, మీ పేరు మీద జరిగే గుర్తింపు బాగాలేదు. అక్కడ కూడా ఎక్కకపోతే మెషిన్ గుర్తింపే ఆడటం లేదేమో చూడాలి. కాకపోతే మీ కంపెనీ యూజర్ గుర్తింపు మాత్రమే వాడుతుంటే లాగిన్ స్క్రీన్ దగ్గర ఎప్పుడూ ఎక్కదు. అందుకని పక్క సీటు వాళ్ల ల్యాప్‌టాప్‌లో కూడా ఓసారి చూసి పోల్చుకోండి.

సర్టిఫికెట్ చూడటానికి స్టార్ట్ మెనూలో ‘మేనేజ్ యూజర్ సర్టిఫికెట్స్’, ‘మేనేజ్ కంప్యూటర్ సర్టిఫికెట్స్’ అని రెండు ఉంటాయి. రెండోదానికి అడ్మిన్ కావాలి. పర్సనల్ అనే ఫోల్డర్‌లో మీ కంపెనీ పేరుతో ఉన్నదాని గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ సర్వర్‌లో మామూలుగా వచ్చే కంప్యూటర్ టెంప్లేట్ (సర్టిఫికెట్ నమూనా) గడువు ఏడాది. అయిపోవడానికి ఆరు వారాల ముందు నుంచి అదే కొత్తది తెచ్చుకోవాలని చూస్తుంది. అయితే తెచ్చుకోవాలంటే కంపెనీ సర్వర్లు అందాలి. రెండు నెలలు ఇంట్లో ఉండి, వీపీఎన్ రోజూ పది నిమిషాలే పెట్టే మనిషికి ఆ ఆరు వారాలు ఎటు పోయాయో తెలియకుండానే పోతాయి. కేబుల్ పెట్టి, కంపెనీ సెట్టింగుల్ని మళ్లీ తెచ్చుకునే జీపీఅప్‌డేట్ కమాండ్ కొట్టిస్తే చాలాసార్లు కొత్త సర్టిఫికెట్ దానంతటదే దిగుతుంది. సర్టిఫికెట్ ఉన్నా ఐకాన్ మీద చిన్న తాళంచెవి బొమ్మ లేకపోతే ప్రైవేట్ కీ, అంటే ఆ సర్టిఫికెట్ మీదేనని నిరూపించే రహస్య సంకేతం, లేదని అర్థం. అలాంటిది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

గడియారం కూడా చూడండి. బీరువాలో ఏడాది పడి ఉన్న ల్యాప్‌టాప్‌లు మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి పాత తేదీతో లేస్తాయి. తేదీ వెనక్కి ఉంటే నిన్న ఇచ్చిన సర్టిఫికెట్ కూడా ‘ఇంకా మొదలుకాలేదు’ అవుతుంది.

సర్టిఫికెట్ల గొడవలో ల్యాప్‌టాప్ తప్పు ఏమీ లేకుండా సర్వర్ వైపు నుంచి కూడా దెబ్బ తగలొచ్చు. 2022 మే 10న వచ్చిన విండోస్ అప్‌డేట్‌తో డొమైన్ కంట్రోలర్లు సర్టిఫికెట్‌ని అకౌంట్‌తో జతపరిచే పద్ధతి కఠినమైంది. దాంతో కొన్నిచోట్ల ఎన్‌పీఎస్ గుర్తింపు ఆగిపోయిందని మైక్రోసాఫ్టే ఒప్పుకుని, మే 19న ప్రత్యేకంగా ఇంకో అప్‌డేట్ విడుదల చేసింది. 2025 ఫిబ్రవరి నుంచి ఆ కఠిన పద్ధతి డిఫాల్ట్ అయింది, సెప్టెంబరు అప్‌డేట్‌తో వెనక్కి తిప్పుకునే వెసులుబాటు కూడా పోయింది. తమాషా ఏమిటంటే ఇలా ఆగినప్పుడు సర్వర్ లాగ్‌లో కనిపించేది ‘యూజర్‌నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు’ అనే వాక్యమే. అది చదివి పాస్‌వర్డ్ వాడని నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్ రీసెట్లు చేస్తూ కూర్చునేవాళ్లు ఉంటారు. మీ ఐటీ వాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే, సర్టిఫికెట్‌లో అకౌంట్ ఎస్ఐడీ (అకౌంట్ గుర్తింపు సంఖ్య) ఉందో లేదో ముందు చూడండి.

మూడో అనుమానం కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చిన, లేదా విండోస్ వెర్షన్ మారిన వాళ్లకి. విండోస్ 11 22హెచ్2 నుంచి ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో, హార్డ్‌వేర్ సరిపోతే, క్రెడెన్షియల్ గార్డ్ దానంతటదే ఆన్ అవుతుంది. పాస్‌వర్డ్ గుర్తుల్ని విండోస్ నుంచి కూడా విడిగా, తాళం వేసి దాచే పెట్టె అది. మంచిదే. కానీ పీప్‌లో ఎంఎస్‌చాప్‌వీ2 వాడే, అంటే పాస్‌వర్డ్‌తో గుర్తింపు జరిగే వైఫైలకి, లాగిన్ పాస్‌వర్డ్‌ని మీకు తెలియకుండా పంపే సౌకర్యాన్ని అది ఆపేస్తుంది. ఫలితంగా లాగిన్ అయిన ప్రతిసారీ వైఫై పాస్‌వర్డ్ చేత్తో కొట్టాల్సి వస్తుంది, లేదా పాలసీ అలా కొట్టనివ్వక అసలే ఎక్కదు. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, వర్చువలైజేషన్ బేస్డ్ సెక్యూరిటీ లైన్లలో క్రెడెన్షియల్ గార్డ్ నడుస్తోందేమో చూడండి. నడుస్తుంటే దాన్ని ఆపించమని అడక్కండి. సర్టిఫికెట్‌తో నడిచే ఈఏపీ టీఎల్ఎస్‌కి మారడమే సరైన మందు, అది ఐటీ వాళ్ల పని. మైక్రోసాఫ్ట్ కూడా అదే చెబుతోంది.

తప్పు పాస్‌వర్డ్ పదేపదే వెళ్తే అకౌంట్ లాక్ అవుతుంది. అది మీ సమస్య కాదు, ఫోన్ ఎక్కుతోంది కాబట్టి. అయినా పాస్‌వర్డ్ మార్చాక వచ్చే గొడవల్లో దీనంత ఏడిపించేది ఇంకోటి లేదు కాబట్టి ఒకటి చెప్తాను. నేను ఇదివరకు పనిచేసిన చోట ఒక మేనేజర్ గారి అకౌంట్ రోజూ పొద్దున్న ఆయన వచ్చిన పావుగంటకే లాక్ అయ్యేది. ఆయన ల్యాప్‌టాప్ రెండుసార్లు మార్చారు. పాస్‌వర్డ్ నాలుగుసార్లు మార్పించారు. హ్యాక్ అయిందేమోనని ఆయనకి టెన్షన్, ఆయన టెన్షన్ చూసి మాకు టెన్షన్. చివరికి రేడియస్ లాగ్‌లో ఆయన పేరుతో వస్తున్న తప్పు ప్రయత్నాలు ఏ పరికరం నుంచి అని మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ ఉండే హార్డ్‌వేర్ నంబరు) చూస్తే, అది ల్యాప్‌టాప్‌దీ కాదు, చేతిలో ఉన్న ఫోన్‌దీ కాదు. ఎన్నాళ్ల కిందటో కొన్న పాత ఫోన్. కారులో పాటల కోసం వాడుతున్నారు. కారు దిగి వచ్చేటప్పుడు బ్యాగులో పడేసుకుంటారు. అది బ్యాగులోంచే ఆఫీసు వైఫై కనిపించిన ప్రతిసారీ ఎప్పటిదో పాస్‌వర్డ్ పంపి, ఆయన్ని లాక్ చేసేది. ఆ ఫోన్‌లో ఆ వైఫైని ‘ఫర్గెట్’ కొట్టడానికి పది సెకన్లు పట్టింది. కనుక్కోవడానికి మూడు వారాలు. కాబట్టి పాస్‌వర్డ్ మార్చిన రోజున టాబ్లెట్, పాత ఫోన్ అన్నీ గుర్తు తెచ్చుకోండి.

ఒక జాగ్రత్త. కనెక్ట్ కొట్టినప్పుడు ‘ఈ చోట ఈ నెట్‌వర్క్ ఉంటుందని మీరు అనుకుంటే కనెక్ట్ చేయండి’ లాంటి ప్రశ్న వచ్చి, కింద సర్టిఫికెట్ వివరాలు చూపిస్తే, విసుగులో సరే కొట్టేయకండి. కంపెనీ ల్యాప్‌టాప్‌లో మామూలుగా ఆ ప్రశ్న రాకూడదు. ఐటీ వాళ్లు సర్వర్ సర్టిఫికెట్ మార్చి చెప్పడం మర్చిపోయి ఉండొచ్చు, లేదా కింద కాఫీ షాపులో ఎవరో మీ ఆఫీసు పేరుతోనే దొంగ వైఫై పెట్టి ఉండొచ్చు. ఎంఎస్‌చాప్‌వీ2 రక్షణ చివరికి ఒక్క 56 బిట్ల డెస్ కీ (పాతకాలపు, బలహీనమైన తాళం) స్థాయికి దిగిపోతుందని 2012లో డెఫ్‌కాన్ సదస్సులోనే చేసి చూపించారు. దొంగ గేటు దగ్గర ఒక్కసారి ఐడీ చూపిస్తే చాలు, తీరిగ్గా ఇంటికెళ్లి విప్పుకోవచ్చు. ఆండ్రాయిడ్ 11 నుంచి పిక్సెల్ లాంటి ఫోన్లలో సర్టిఫికెట్ ‘డు నాట్ వాలిడేట్’ అనే ఎంపికే తీసేశారు. దాంతో ఫోన్లలో వైఫై ఎక్కట్లేదని గోల చేసినవాళ్లు చాలామంది, కానీ తీసేయడమే మంచిదైంది.

లాగ్‌లో సర్వర్ జవాబే ఇవ్వలేదని వస్తే మీరు చేయగలిగింది పెద్దగా లేదు. ఒక్క గుర్తు మాత్రం గమనించండి. మెయిన్ ఆఫీసులో ఎక్కే ల్యాప్‌టాప్ బ్రాంచి ఆఫీసులో ఎక్కకపోతే, అదీ సర్టిఫికెట్ వాడేవాళ్లకే జరుగుతుంటే, దారిలో ప్యాకెట్లు ముక్కలై పడిపోతున్నాయేమో చూడమనండి. సర్టిఫికెట్ల గొలుసు పెద్దది. దాన్ని మోసే రేడియస్ ప్యాకెట్ దారి కొలతకి మించితే రెండు ముక్కలవుతుంది, మధ్యలో ఏ ఫైర్‌వాలో రెండో ముక్కని పారేస్తుంది. పాస్‌వర్డ్ వాడేవాళ్లకి అంత పెద్ద ప్యాకెట్ సాధారణంగా పుట్టదు కాబట్టి వాళ్లు హాయిగా ఎక్కుతారు. ఎన్‌పీఎస్‌లో ఫ్రేమ్డ్ ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ కొలత) 1344కి తగ్గించడం దీనికి మైక్రోసాఫ్ట్ రాసిన మందు.

ఇంకోటి, ఎక్కింది కానీ ఇంటర్నెట్ లేదు అంటే అది వేరే కథ. ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే గేటు తెరుచుకుంది, లోపల గది కేటాయించలేదు. గుర్తింపు పని అయిపోయింది, డీహెచ్‌సీపీ (అడ్రస్ ఇచ్చే సర్వీసు) వైపో వీల్యాన్ (నెట్‌వర్క్‌లో విడదీసిన భాగం) వైపో చూడాలి. టికెట్‌లో ‘వైఫై ఎక్కట్లేదు’ అని రాస్తే వాళ్లు మళ్లీ డ్రైవర్ దగ్గర మొదలెడతారు.

టికెట్ విషయానికొస్తే, ‘వైఫై రావట్లేదు, అర్జెంట్’ అని రాసిన టికెట్‌ని ఎవరూ ముట్టుకోరు, నేనూ ముట్టుకునేవాణ్ణి కాదు. ఏ అంతస్తులో కూర్చున్నారు, నిమిషంతో సహా ఏ సమయానికి ప్రయత్నించారు, మీ ల్యాప్‌టాప్ వైఫై మ్యాక్ అడ్రస్, 12013లో ఉన్న రీజన్ ఫొటో, పాస్‌వర్డ్ ఏ రోజు, ఎలా మార్చారు, ఇవి రాయండి. ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్ ఆన్‌లో ఉంటే ఆపేసి మరీ రాయండి, లేకపోతే లాగ్‌లో మీ అడ్రస్ దొరకదు. ఆ నిమిషం తెలిస్తే రేడియస్ లాగ్‌లో మీ వరస వెతకడం రెండు నిమిషాల పని. ఎన్‌పీఎస్ అయితే 6273 అనే ఈవెంట్‌లో ఉంటుంది, పక్కనే ఒక రీజన్ కోడ్ ఉంటుంది. 16 అయితే పేరో పాస్‌వర్డో కుదరలేదు (లేదా పైన చెప్పిన సర్టిఫికెట్ జత గొడవ). 22 అయితే ల్యాప్‌టాప్ మాట్లాడే ఈఏపీ భాష సర్వర్‌కి రాదు. 48 అయితే మీరు ఏ పాలసీ కిందికీ రాలేదు. రెండు నెలల్లో మీ టీమ్ మారి, డైరెక్టరీలో గ్రూప్ కూడా మారి ఉంటే అలా జరుగుతుంది. 265 అయితే సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లని సర్వర్ నమ్మడం లేదు. ఆ సమయానికి మీ పేరుతో లాగ్‌లో ఏమీ లేదని వాళ్లు చెబితే, మీ అడుగు అసలు సర్వర్ దాకా వెళ్లలేదు. అప్పుడు యాక్సెస్ పాయింట్ చూసే టీమ్‌కి టికెట్ మార్చమనండి.

ముందు ఆ పాత పాస్‌వర్డ్ సంగతి చూసి, స్క్రీన్ లాక్ చేసి తెరిచాక ఏమైందో రాయండి. అప్పటికీ ఎక్కకపోతే 12013 కింద ఉన్న లైను అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ పెట్టండి, అందులో మీ యూజర్‌నేమ్, డొమైన్ పేరు మాత్రం చెరిపేసి.